ఉడకని గింజల సారా

తాన్ వారింట్లో సారా కాగే వేళ కుండకు కోడలి చెయ్యి తగలకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు. మూడు తరాలుగా తగల్లేదు, అంతే. కోడలు కట్టెలు మోయవచ్చు. అరవై కిలోల మొక్కజొన్న నానబెట్టి, గింజ పగిలేదాకా ఆవిరి మీద ఉడికించి, చాపల మీద ఆరబోసి, పులియడానికి ఊట మందు చల్లి, కూజాలకు ఎత్తవచ్చు. కుండ మీద మూత పడ్డాక మాత్రం గడప అవతలికి వెళ్ళిపోవాలి. సారా తీయడం మగవాడి విద్య. నడుములు విరిగే పని విద్య కాదు కాబట్టి దాన్ని ఆడవాళ్ళకు వదిలేశారు, మహానుభావులు.

తుంగ్‌హ్వా ఆ ఇంటి కోడలై పంతొమ్మిదేళ్ళయింది. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. ఆమె నవ్వితే మూడిళ్ళ అవతల కుక్కలు లేచి చూస్తాయని గ్వీఝౌ కొండల్లో ఆ ఊరంతా ఎరుగును. గడప అవతల నిలబడే ఆమె అంతా నేర్చుకుంది. ఆవిరి వాసన పట్టి గొట్టంలోంచి మంచి సారా వస్తోందో, పలచబడిందో చెప్పగలదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది ఎండాకాలం ముందు మామగారు షౌక్వీ, కోడలు ఇంట్లో లేని పూట ఉడికిన మొక్కజొన్న బుట్ట తనే ఎత్తబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆయన్ని తిన్నగా నిలబెట్టడానికి వైద్యుడికి నెల పట్టింది. కొడుకు ఫూలిన్ సిమెంటు లారీ నడుపుతాడు. సారా తాగడం వచ్చుగాని కాయడం అతనికి పట్టలేదు. ఇక చేసేవాళ్ళు లేరని ముసలాయన తగరపు కుండను కింది ఊళ్ళో సారా కాచే లువోకు ఇచ్చేస్తానన్నాడు. తన అన్నగారి ఎనభయ్యో పుట్టినరోజు విందు కాగానే, మర్నాడు పొద్దున్నే వచ్చి పట్టుకుపొమ్మని కబురు కూడా పంపాడు.

ఆ కబురు విని తుంగ్‌హ్వా ఆ పూట అన్నం ముట్టలేదు. ఆమెకు ఆ కుండ కావాలి. పంతొమ్మిదేళ్ళు దాని వాసన పీల్చి, దానికి నీళ్ళు పోసి, దాని మసి తోమింది ఆమె. అది లువో బండెక్కి పోతే ఆ ఇంట్లో తనకంటూ ఇంకేం మిగులుతుందని ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, సంతకు పోయింది.

ఐదు రోజులకోసారి జరిగే ఆ సంతలో విత్తనాలమ్మే ఆవిడ దగ్గర కొత్తరకం ఈస్టు పొట్లం దొరికింది. ఇందులో ఉట్టి ఈస్టే కాదు, గింజలోని పిండిని తీపి చేసే ఎంజైములు కూడా కలిపారు, కాబట్టి ఉడికించే పనే లేదు, పచ్చి మొక్కజొన్న మరపట్టి గోరువెచ్చని నీళ్ళలో కలిపి రోజుకోసారి కలియబెడితే చాలునని ఆవిడ చెప్పింది. ఉడికించే పని లేదంటే ఎత్తే పని లేదు. తుంగ్‌హ్వాకు దారంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మొదటిసారి ఊరగాయ జాడీలో వేసింది. తెలివైన పనే. ఆ జాడీ అంచు చుట్టూ నీళ్ళు నిలిచే గాడి ఉంటుంది. లోపలి గాలి బుడబుడమని బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. అయితే ముప్పై ఏళ్ళుగా ఆ జాడీ మిరపకాయలూ ఆవకూరా నానిన ఉప్పునీళ్ళు తాగి తాగి ఉందన్న సంగతి ఆమె మరిచిపోయింది. రెండు వారాల తర్వాత ఆ ఊటను అన్నం వండే గిన్నెలోనే మూత బోర్లించి కాచి, ఓ గ్లాసెడు సారా తీసింది. కళ్ళు మెరుస్తూ మామగారి ముందు పెట్టింది. ఆయన ఒక గుటక మింగి, చాలాసేపు గోడ వంక చూశాడు.

"ఇది తాగితే మత్తెక్కదే తల్లీ, అన్నం కావాలనిపిస్తోంది," అన్నాడు.

ముందు నవ్వింది తుంగ్‌హ్వాయే. కుక్కలు లేచాయి.

రెండోసారి కొత్త జాడీ కొని, చలిగాలి తగలకుండా తమ పెళ్ళినాటి బొంత చుట్టింది. ఆ వారం ఇంటికొచ్చిన ఫూలిన్ తను వణుకుతూ పడుకోవాల్సి వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో పెళ్ళాం తననెప్పుడూ అంత శ్రద్ధగా కప్పలేదట. నాలుగో రోజుకు జాడీ లోపల వాన పడుతున్నట్టు చప్పుడు మొదలైంది. తుంగ్‌హ్వా గంటకోసారి వెళ్ళి చెవి ఆనించి వినేది. పిండి పైకి తేలి, మునిగి, చివరికి అంతా అడుక్కి దిగి పైన తేనీటి రంగు నీరు తేరింది. దాన్ని కాచి, పక్కింటి పాన్ పిన్నీ తనూ చెరో మూడు గుక్కలు వేశారు. పిన్ని డెబ్బై ఏళ్ళ వయసులో గుమ్మం పట్టుకుని పెళ్ళిపాట ఎత్తుకుంది. తుంగ్‌హ్వా నవ్వి నవ్వి నిలబడలేక నేల మీద కూర్చుంది. తాగింది తక్కువే. ఆ ఊపు సారాది కాదు, సంతోషానిది.

పాట విని షౌక్వీ వచ్చాడు. గ్లాసు అడుగున మిగిలింది వాసన చూశాడు. ఉడకని గింజల సారా గొంతులో బాగానే ఉంటుంది, మర్నాడు తల పగలగొడుతుందని ఆ కొండల్లో కాచేవాళ్ళందరి నమ్మకం. ఆయన బేరం పెట్టాడు. "అన్నయ్య విందుకి ఎనిమిది బల్లలు. అందరికీ నీ సారాయే పొయ్యాలి. తెల్లారాక ఒక్కడు తల పట్టుకున్నా కుండ లువోది. లేదంటే నీది."

పెద్ద చెక్కపీపా వేసింది. నాలుగు రోజులు వరసగా పొద్దున్నే మూత తీసి తెడ్డుతో కలిపింది. అదిగో, అక్కడే ముసలాయనకు ప్రాణం కొట్టుకుంది. ఉడికిన గింజను కూజాకెత్తి మట్టితో మూసేశాక తెరవడమంటే ఆయన లెక్కన పురిటిగది తలుపు తీయడమే. యాభై ఏళ్ళుగా అలా తెరిచినవాణ్ణి ఆయన తిట్టని తిట్టు లేదు. పాపం, కోడలు ఓడిపోతుందేమోనని నిజంగానే దిగులు పడ్డాడు. ఆమె కూరకు వెళ్ళినప్పుడు మూత చుట్టూ బంకమట్టి మెత్తి, పైన తిరగలి రాయి ఎత్తించి, తృప్తిగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పీపా భోజనాలవేళ దాకా ఓర్చుకుంది. ఆ తర్వాత తిరగలి రాయి కోళ్ళగూట్లో పడింది, మూత కప్పు పెంకుల్ని లేపింది, మొక్కజొన్న జావ సగం దూలాలకూ సగం షౌక్వీకీ పట్టింది. తుంగ్‌హ్వా పరుగెత్తుకొచ్చేసరికి ఆయన కనుబొమల నుంచి పసుపుపచ్చగా కారుతోంది. కోళ్ళు అప్పటికే జావ తిని వంకర టింకరగా నడుస్తున్నాయి.

"చెడిపోతుందని మూశానమ్మా," అన్నాడు, బడిపిల్లాడిలా.

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. సగం పీపా పోయింది, ఎనిమిది బల్లలకు చాలదు, కుండ చేజారినట్టే. కానీ ఒక కోడి ఆయన చెప్పు మీద వాలి నిద్రపోవడం చూశాక ఆ కోపాన్ని నిలబెట్టుకోవడం ఎవరి తరం? ఇద్దరూ దూలాలు తుడుస్తూ సాయంత్రం దాకా నవ్వారు. మిగిలిన ఊట కలియబెట్టి, అదే రోజు ఇంకో పీపా కలిపింది. అది విందుకు అందదని తెలుసు. అయినా కలిపింది.

విందు ముందురోజు కుండ పొయ్యి మీదికెక్కింది. పచ్చిపిండి అడుగంటకుండా ఆవిరి లేచేదాకా కలిపి మూత వేసింది. వేసి మామగారి వంక చూసింది.

"మూత పడింది మామయ్యా. తమరు గడప దాటాలి."

ఆయన దాటాడు. అవతల నిలబడి మెడ సాచాడు. గొట్టంలోంచి మొదట వచ్చిన ఘాటు సారాను ఆమె పారబోసింది. ఆ తర్వాత గిన్నెలో బుడగలు సోయా గింజలంత లేచాయి, పెసలంత అయ్యాయి, కొర్రలంతకు దిగుతున్నాయి. బుడగ చిన్నదయ్యేకొద్దీ సారా పలచబడుతుంది. ఎప్పుడు ఆపాలో కేకవేసేవాడే అసలు సారా కాచేవాడు. యాభై ఏళ్ళ అలవాటుకొద్దీ ఆయన నోరు తెరుచుకుంది, చెయ్యి వచ్చి దాన్ని మూసింది. సరిగ్గా అప్పుడే తుంగ్‌హ్వా గిన్నె పక్కకు తీసేసింది.

విందులో సారా ఐదో బల్ల దగ్గరే అయిపోయింది. మిగిలిన మూడు బల్లల వాళ్ళు తమకు అవమానం జరిగిందన్నారు. ఆ లోటు తన తిరగలి రాయి పుణ్యమేనని, బేరంలో లెక్క కాదని షౌక్వీ ఒప్పేసుకున్నాడు. ఎనభై ఏళ్ళ పెద్దాయన బల్ల బల్లకూ తిరిగి ఇతరుల గ్లాసుల్లోంచి తలో గుక్క పన్ను వసూలు చేశాడు. లువో రెండో బల్ల మీద ఉండి, ఎక్కువే పుచ్చుకుని, తన బండి తనే తోసుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే అదే బండి తోసుకుంటూ వచ్చాడు. దారిలో అన్ని ఇళ్ళ వాళ్ళనూ పలకరించాడట. తల పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు, వాళ్ళు అడిగిందల్లా మళ్ళీ ఎప్పుడు కాస్తారని. తన తల కూడా నిక్షేపంగా ఉందని ఒప్పుకోవడానికి అతనికి కాస్త కష్టమైంది. వచ్చేసరికి రెండో పీపా ఊట కుండకెక్కి ఉంది. షౌక్వీ పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చుని కట్టెలు తోస్తున్నాడు.

పోనీ కుండను సగం వాటాకైనా ఇవ్వమని లువో ఆయన్ని అడిగాడు.

"నన్నడిగి ఏం లాభం? నేను మంటేసేవాణ్ణి. అదిగో, ఆవిణ్ణి అడుగు."

తుంగ్‌హ్వా వెనక్కి తిరగలేదు. ఆమె కళ్ళు బుడగల మీదే ఉన్నాయి.

"మంట తగ్గించండి మామయ్యా," అంది.

షౌక్వీ ఒక కట్టె వెనక్కి లాగాడు.