జేగురు అంటిన బద్ద

కత్తి తోకను నిప్పుల్లో కాల్చి కొత్త పిడి బెజ్జంలోకి దించుతోంది పిడులక్క. కాలిన చెక్క పొగ కళ్లలోకి పోతున్నా చెయ్యి కదలనివ్వడం లేదు. ఇప్పుడు కత్తిని అటూ ఇటూ తిప్పితే బెజ్జం వదులైపోయి, పిడి నెల తిరక్కుండానే ఊడొస్తుంది. సగందాకా దిగాక పిడి అడుగున సుత్తితో నాలుగు దెబ్బలు వేసి నీళ్ల తొట్టిలో ముంచింది. అది చుయ్యిమంటుండగా గుమ్మంలో తమ్ముడి భార్య నిలబడింది, చంకలో రెండు మూరల చెక్కబద్దతో.

“వదినా, నీ తమ్ముడు రేపు మర రాళ్లు అమ్మేస్తాడట. ఇది కూడా వాటితోపాటే పోతుంది. పోయేలోపు ఇదేంటో చెప్పు.”

“రాళ్లు అమ్మడమేంటే?”

“పిండి కాలిపోతోంది. సంచి పట్టుకుంటే చేతికి సెగ, రొట్టె మాడిన వాసన. వచ్చేవాళ్లంతా పక్కవీధి మరకి పోతున్నారు. రాళ్ల పని అయిపోయింది, పాతసామాన్లవాడికి ఇచ్చేసి గది అద్దెకిద్దాం అంటాడు. ఆయనకేం, ఇంకేదో చూసుకుంటాడు. నాకు మర తప్ప వేరే పని రాదు.”

పిడులక్క తొట్టిలోంచి కత్తి తీసి తుడిచి పక్కన పెట్టింది.

ఆమె అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. భర్త పాత ఇనుము కొని అమ్ముతాడు. ఆయన తూకం చూస్తే, ఈవిడ పిడి చూసేది. పిడి ఎక్కడ అరిగిందో చూస్తే దాంతో చేసిన పని తెలుస్తుందని ఆమెకెవరూ నేర్పలేదు. కుప్పలోంచి ఏరి, పట్టుకుని, తిప్పి చూసి, తనే తెలుసుకుంది. మేకులు పీకేదని అందరూ అనుకున్న ఒక చీలిక ఇనప ముక్కను రంపం మీద పెట్టి, పళ్లను ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వంచి చూపించింది. గుడ్డు ఆకారపు నున్నటి చెక్కతో పిల్లలు ఆడుకుంటుంటే, దానిమీద సన్నటి సూదిగీతలు చూసి, అది చిరిగిన మేజోడు లోపల పెట్టి రఫ్ఫు చేసుకునేదని కనిపెట్టింది.

తప్పులూ చేసింది. చివర్లలో గుంటలున్న ఒక పటకారును నిమ్మకాయలు పిండేదని చాలాకాలం చెప్పుకొచ్చింది. ఒక గోడౌను కూలీ దాన్ని చూసి, “ఇది బస్తా మూతికి సీసం ముద్ర వేసేది అక్కా. దీంతో రసం పిండి ఎవరికీ తాగించలేదు కదా,” అని పడీపడీ నవ్వాడు. ఆ పటకారును గుమ్మం పక్కనే తగిలించింది. ఏ వస్తువొచ్చినా, నోరు తెరిచేముందు ఒకసారి దానివైపు చూస్తుంది.

ఇప్పుడూ చూసి, బద్దను రెండు చేతుల్లోకి తీసుకుంది. పాత టేకు. కింది అంచును కంటి ఎత్తుకు లేపి చివరిదాకా చూసింది. దారం బిగించి ఆ అంచు వెంట లాగింది. దారానికీ చెక్కకీ మధ్య వెలుతురు దూరలేదు. పైఅంచు మాత్రం రెండు చివర్లా అరిగి నిగనిగలాడుతోంది.

“మావాడు దీన్నేమన్నాడు?”

“తలుపు గడియ అన్నాడు.”

“గడియైతే చివర్లు నలిగుండాలి. అయినా గడియకి ఇంత తిన్నగా చిత్రిక ఎవడు పడతాడు? రెండు చేతులతో పట్టుకుని దేనిమీదో తిప్పిన బద్ద ఇది. ఎక్కడ దొరికింది?”

“మర గది అటక మీద. మర మనకి అమ్మిన ముసలాయన వదిలేసిన సామాను.”

“దీని పక్కన ఏముంది?”

“ఏమీ లేదే.” మరదలు కాస్త ఆలోచించింది. “ఒక మట్టి చిప్ప ఉండేది. అడుగున మట్టి గడ్డకట్టి ఉంటే, శుభ్రంగా తోమి కోడిపిల్లలకి నీళ్లు పెడుతున్నా.”

పిడులక్క తల పట్టుకుంది. “వస్తువు ఒంటరిగా బతకదే. దానికీ చుట్టాలుంటారు. చుట్టం మొహం తోమేసి, ఈయనెవరో చెప్పమంటే ఎలా?”

“ఎండిపోయిన మట్టి వదినా. చుట్టమని నేనెక్కడ కలగన్నాను?”

ఇద్దరూ మరకు వెళ్లారు. తమ్ముడు అప్పటికే మోటారు బెల్టు విప్పేశాడు. పై రాయిని గడ్డపారతో లేపి, వెల్లకిలా తిప్పి, చెక్కదిమ్మల మీద పెట్టాడు.

“వచ్చావా అక్కా. అది నిమ్మకాయలు పిండేదేనా?”

“నీ నోరు పిండేది. పక్కకి జరుగు.”

తాపీమేస్త్రీ గోడమీద బద్ద పెట్టి చూసినట్టు ఆమె బద్దను రాయిమీద నిలబెట్టి, వంగి, కింద వెలుతురు ఎక్కడ కనిపిస్తుందోనని చూసింది. రాతి నిండా గంట్లే, అన్నిచోట్లా వెలుతురే. ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో తేలలేదు. బద్దను అటు తిప్పి ఇటు తిప్పి చూసేసరికి చెమట పట్టింది. నుదురు తుడుచుకుంది.

మరదలు ఫక్కున నవ్వింది. “వదినా, నుదుటిమీద ఆ ఎరుపేంటి?”

పిడులక్క అరచెయ్యి చూసుకుంది. చెమటకు తడిసిన చోట ఎర్రటి మరక. బద్ద కింది అంచును వేలితో రుద్దింది. వేలికీ అంటింది. పక్కలకు కానీ, పైఅంచుకు కానీ ఆ రంగు లేదు.

“ఆ చిప్పలో మట్టి ఏ రంగే?”

“ఎరుపే. తోముతుంటే నీళ్లన్నీ ఎర్రగా పోయాయి.”

“అందానికి వేసిన రంగైతే చెక్కంతా వేస్తారు. ఈ ఒక్క అంచుకే పూశారంటే, దీన్నుంచి ఇంకోదానికి అంటించడానికే.” సూది అడిగి తీసుకుని, రాతి నడిమి కన్నం దగ్గర పేరుకున్న పిండిచెక్కును గీకింది. కింద, గంటు లోతులో, సన్నటి ఎరుపు. “ఇదిగో, దీనికే అంటించాడు. మా కొట్టుకి పరిగెత్తు. చెక్కమీద గీతలు కొట్టుకునే ఎర్రటి జేగురు ముద్ద, నా ఉలి ఉంటాయి, తీసుకురా.”

మరదలు జేగురు, ఉలి తెచ్చింది. వచ్చే దారిలో కోడిపిల్లల నీళ్లు పారబోసి చిప్ప కూడా తెచ్చింది. అందులో జేగురు కలిపి, గుడ్డతో అంచుకు పలచగా పూశారు. పిడులక్క అరిగిన చోట్లలోనే చేతులు పెట్టి, బరువు వెయ్యకుండా, బద్దను రాతిమీద ఒక చుట్టు తిప్పి ఎత్తింది. రాయి చాలావరకు తెల్లగానే ఉంది. కన్నం చుట్టూ, ఒకపక్క నెలవంకలాగా, అక్కడ మాత్రమే ఎర్రబడింది.

“ఇవీ నీ ఎత్తులు. ఈ కాసింత చోటే రెండో రాయికి ఒరుసుకుని పిండిని కాలుస్తోంది.”

“మొన్ననే కదా మనిషిని పిలిచి గంట్లు కొట్టించాం,” అన్నాడు తమ్ముడు.

“గుడ్డెద్దు చేలో పడ్డట్టు రాయంతా ఒకేలా కొట్టిపోయాడు. ఎత్తు ఎత్తుగానే ఉంది, పల్లం ఇంకా పల్లమైంది.”

ఉలితో ఎరుపు పడిన చోట మాత్రమే సన్నగా పొడిచి, తుడిచి, మళ్లీ బద్ద తిప్పింది. ఎత్తు దిగి బద్ద ఇంకాస్త చోటికి ఆనడంతో మచ్చలు కొంచెం వెడల్పయ్యాయి. మళ్లీ పొడిచింది. గోడకు చేరగిలబడి చూస్తున్న తమ్ముడు కాసేపటికి లేచి ఇంకో ఉలి తీసుకున్నాడు. దెబ్బ బలమైందే, కానీ ఊపులో మచ్చ దాటి పోతోంది.

“ఎర్రటి చోటే రా. తెల్లటిది నీ జోలికి రాలేదు.”

కన్నం చుట్టూ మచ్చ తగ్గాక పిడులక్క చెయ్యి ఆపింది. అక్కడ కూడా మిగతా రాయంత సమానంగా ఉంచాలా వద్దా, ఆమెకు తెలియలేదు. మరదలు వంగి వేలు పెట్టి చూసింది.

“ఇక్కడ ఇంకొంచెం దించాలి వదినా. గింజ ముందు పడేది ఇక్కడే. నలిగేదాకా దానికి చోటుండాలి.”

“నువ్వు చెప్పు, నేను కొడతా.”

పై రాయి అయ్యాక కింది రాయి. చివరికి ఎరుపు మచ్చల్లా కాకుండా, చల్లినట్టు, కన్నం చుట్టూ తప్ప రాయంతా చిన్న చిన్న చుక్కలై పడింది. రాళ్లు కడిగి, ఆరబెట్టి, పై రాయి ఎక్కించి, మరునాడు పొద్దున్నే తమ్ముడే బెల్టు తగిలించాడు. ముందు తవుడు పోసి ఆడించారు. ఎర్రజీరతో వచ్చిన ఆ తవుడు పారబోసి, తర్వాత గుప్పెడు గోధుమలు పోశారు. మరదలు పిండి జారే గొట్టం కింద అరచెయ్యి పెట్టింది. తీయలేదు. పిండి వేళ్లసందుల్లోంచి జారుతుంటే అలాగే ఉంచింది.

పాతసామాన్లవాడు బండితో వచ్చి గుమ్మంలో హారను కొట్టాడు. తమ్ముడు చేతులు దులుపుకుంటూ బయటికి వెళ్లాడు.

“రాళ్లు ఇవ్వట్లేదు. విరిగిన కుర్చీలు రెండున్నాయి, చూస్తావా?”

పిడులక్క బద్దను పొడిగుడ్డతో తుడిచి మరదలి చేతికిచ్చింది. “గోడకి నిలబెట్టకు, వంగిపోతుంది. పడుకోబెట్టు. కడగకు.” తన ఉలి, జేగురు ముద్ద సంచిలో వేసుకుని బయల్దేరింది.

అప్పటికే ఒకావిడ గోధుమల సంచితో నిలబడి ఉంది. మరదలు ఆ గింజలు మరలో పోసింది. పిండి పట్టాక సంచి మూతి కట్టి అందించింది. ఆవిడ అలవాటుగా కొంగు మడిచి చేతికి చుట్టుకుంది. సంచి అడుగున చెయ్యి పెట్టాక ఒక్క క్షణం ఆగి, కొంగు వదిలేసి, సంచిని నడుమున పెట్టుకుని వెళ్లిపోయింది.