ఇంజన్ అడగనే లేదు

టాక్సీ స్టాండులో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన చెవులాయన. అలాగని చెవులు పెద్దవేం కావు, అందరికీ ఉండే చెవులే. కానీ ఎవరి బండి అయినా సరే, బానెట్ మీద చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, పది లెక్కపెట్టేలోపు దాని జబ్బేమిటో చెప్పేసేవాడు. "బెల్టు వదులైంది చూసుకో", "మూడో సిలిండరు సరిగ్గా మండటం లేదు", "దీనికి ఏ జబ్బూ లేదు, అనుమానం జబ్బు నీకే ఉంది" అనేవాడు. మెకానిక్ దగ్గరికి పోయేముందు డ్రైవర్లంతా బండ్లని ఆయనకి వినిపించేవాళ్ళు. అబ్బో, అప్పుడాయన దర్జా చూసి తీరాలి! పెద్ద వైద్యుడు నాడి పట్టుకున్నంత హంగామా.

ఆ విద్య ఊరికే అబ్బలేదు. పద్దెనిమిదో ఏట మేనమామ లారీ మీద డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఆ లారీలో పనిచేసే మీటరు ఒక్కటంటే ఒక్కటి లేదు. కొండ రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ వేడెక్కిందా, ఆయిల్ పల్చబడిందా అన్నది విని తెలుసుకోవడం తప్ప వేరే దారి లేదు. మేనమామ పక్క సీట్లో కాళ్ళు చాపుకుని, "ఇప్పుడేమంటోందిరా?" అని అడిగేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. నాలుగేళ్ళు అవి తిన్నాక ఇంజన్ మాట ఆయనకి ఇంట్లో మనిషి మాటంత సులువుగా తెలిసొచ్చింది. ఆ తర్వాత సొంత టాక్సీలు నాలుగు మారాయి గానీ పద్ధతి మారలేదు.

ఆయిల్ మార్చే విషయంలోనూ అదే పద్ధతి. మిగతావాళ్ళు ఇన్ని కిలోమీటర్లకని లెక్క పెట్టుకుని మార్పిస్తారు. మళ్ళీ ఎప్పుడు మార్చాలో రాసిన చీటీని షెడ్డువాళ్ళు అద్దానికి అంటిస్తారు. ఈయన చీటీ అంటించనిచ్చేవాడు కాదు. "ఆయిల్ ముసలిదైతే ఇంజన్ పైభాగం టకటకమని పొడిగా మాట్లాడుతుంది. ఆ రోజే మార్చాలి. ఆకలేస్తే అది అడగదా ఏం?" అనేవాడు. నిజం చెప్పొద్దూ, ముప్పై ఏళ్ళ పాటు ఆ పొగరు ఆయనకి చెల్లింది. ఒక్క ఇంజన్ కూడా ఆయన చేతిలో చెడిపోలేదు.

ఈ నాలుగో బండి మీద మరీ మురిసిపోయేవాడు. వయసు పెరిగేకొద్దీ నెమ్మదస్తురాలవుతోందని స్టాండంతా చెప్పుకున్నాడు. ఆయిల్ కాస్త తగ్గిందనిపిస్తే డబ్బా తెచ్చి పోసేవాడు. నల్లగా ఉంటే ఉండనీ, డీజిల్ ఇంజన్లో ఆయిల్ ఎలాగూ నాలుగు రోజులకే నల్లబడుతుంది. ఆగినచోటల్లా స్టీరింగ్ వెనక ఆయిల్ ఎర్రలైటు మినుకుమినుకుమంటుంటే, వైరు వదులై ఉంటుందిలే అనుకున్నాడు. లైటుకేం తెలుసు? ఇక మనుషుల మీద మాత్రం ఆయనకి చిరాకు ఎక్కువైంది. అందరూ నోట్లో నోట్లోనే గొణుగుతున్నారట. ఈ కాలంలో గట్టిగా మాట్లాడే మొనగాడే లేడట!

ఆ బండిలో వారానికి మూడు రోజులు, పొద్దున్నే, ఒక టీచరమ్మ ఎక్కేది. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరిది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నదికి అవతల ఉన్న ఆసుపత్రిలో నాలుగు గంటలు మిషన్ మీద పడుకుంటే గానీ ఆమె రక్తం శుభ్రపడదు. ఒక్కసారి తప్పితే ఒళ్ళంతా నీరు చేరి ఊపిరాడదు. ఆ సంగతి చెవులాయనకి బాగా తెలుసు. మూడేళ్ళలో ఒక్క పూట కూడా ఆలస్యం చేయలేదు. జ్వరం వచ్చినా మాత్ర మింగి బయల్దేరేవాడు. ఆమెని చేయి పట్టుకుని దించి, మంచం దాకా వదిలి, మళ్ళీ వచ్చి ఇంటికి చేర్చేవాడు. కడుపున పుట్టినవాడు కూడా అలా చూసుకోడు.

రెండు నెలల క్రితం ఆమె వెనక సీట్లోంచి, "బండి టకటకమంటోందండీ, ఎవరికైనా చూపించారా?" అంది. అద్దంలో ఆమె పెదాలు కదలడం చూసి, ఉక్కపోస్తోంది కాబోలనుకుని ఆయన ఫ్యాను పెంచాడు. మరో వారం ఆమె మళ్ళీ అంది. ఈసారి ఇంకాస్త పెంచాడు. పాపం ఆవిడ శాలువా కప్పుకుని ఊరుకుంది. అన్నీ తెలిసిన మనిషికి మనమేం చెబుతాం అనుకుంది.

ఆ బుధవారం వంతెన నడిమధ్యకి వచ్చేసరికి ఆయన కాలి కింద పెడల్ వణికింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. తాళం ఎన్నిసార్లు తిప్పినా ఇంజన్ కదల్లేదు. దిగి బానెట్ ఎత్తితే కమురు వాసన. పొగలోకి వంగి, ఏం జరిగిందో తెలియక అలాగే నిలబడిపోయాడు. ఇంతలో చొక్కా పట్టుకుని ఎవరో గట్టిగా పక్కకి లాగారు. టీచరమ్మ! సూదులు పొడిచి పొడిచి వాచిపోయిన చేత్తో, ఉన్న కాస్త బలం పెట్టి లాగింది. ఒక నీళ్ళ ట్యాంకరు ఆయన మోచేతిని రాసుకుంటూ వెళ్ళి, కాస్త ముందుకి పోయి ఆగింది. దాని డ్రైవరు తల బయటపెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు.

"అంతసేపు హారన్ కొడుతుంటే కదలరేంటండీ!" అంది టీచరమ్మ ఆయాసపడుతూ. ఆయన చూపు ఆమె ముఖం మీద లేదు, చచ్చిపోయిన ఇంజన్ మీదే ఉంది. వెనకే వస్తున్న స్టాండు కుర్రాడు, అందరూ బక్కోడని పిలిచేవాడు, తన బండాపి ఆమెని ఎక్కించుకున్నాడు. ఆసుపత్రికి ముప్పావు గంట ఆలస్యంగా చేరింది. ప్రాణానికి ఏమీ కాలేదు, అదృష్టం.

బండిని తాడు కట్టి బామ్మర్ది షెడ్డుకి లాక్కెళ్ళారు. పెళ్ళాం తమ్ముడే ఆ మెకానిక్. బావ కనిపిస్తే చాలు, ఏదో ఒకటి అని ఏడిపించే మనిషి. ఆ రోజు కింద బోల్టు విప్పాడు. ఆయిల్ కారలేదు. కాసేపటికి తారులాంటి ముద్ద ఒకటి మెల్లగా వేలాడింది. పైమూత తీస్తే లోపలంతా నల్లటి బురద. ఆయిల్ పీల్చుకునే జల్లెడ ఒక్క కన్నం కూడా మిగలకుండా మూసుకుపోయింది. చుక్క ఆయిల్ అందక ఇనుమూ ఇనుమూ రాసుకుని, కాలి, అతుక్కుపోయాయి.

"బావా, ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయింది?" చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి అడిగాడు.

"ఇంకా అడగలేదురా ఇంజను."

"మా అమ్మాయి పెళ్ళికి ముందు మార్చాం, నాకు గుర్తుంది. ఇప్పుడు దాని కూతురు నడుస్తోంది."

"తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాను కదరా!"

"మురికినీళ్ళ బకెట్లో చెంబుడు మంచినీళ్ళు పోస్తే మురికి పోతుందా బావా?"

చెవులాయనకి తిక్క రేగింది. "నాకా చెబుతున్నావు? ఒక్క రోజు కూడా అది పొడిగా మోగలేదు. మోగితే నాకు తెలియదా?" అని గదమాయించాడు.

 బామ్మర్ది బావ ముఖంలోకి పరీక్షగా చూశాడు. తర్వాత మూలనున్న సరుకుల వ్యాను స్టార్ట్ చేసి, "దీని సంగతి చూడు" అని సైగ చేశాడు. ఆ వ్యాను ఆయిల్ బాగా తగ్గిపోయి రేకుల షెడ్డు అదిరేలా టకటకలాడుతోంది. పక్క కొట్టు వెల్డర్ గడపలోకి వచ్చి, "ఆపండయ్యా ఆ గోల!" అని అరిచాడు. చెవులాయన బానెట్ మీద చెంప ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. పది లెక్కపెట్టేంత సేపయింది.

"దీనికేం రోగం? వెన్నలా ఉంది" అన్నాడు.

 బామ్మర్ది ఇంజన్ ఆపేశాడు. ఎప్పుడూ నవ్వే మనిషి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, బావ చెవి దగ్గరికి వంగి, "బావా, అది వీధి చివరి దాకా వినపడుతోంది" అన్నాడు.

"మళ్ళీ స్టార్ట్ చెయ్యి."

చేశాడు. ఆయన ఈసారి చాలాసేపు విన్నాడు. చెంప కింద వణుకు తెలుస్తోంది. ఎక్కడో దుప్పటి కింద నుంచి వచ్చినట్టు బొంగురు హోరు ఒకటి తెలుస్తోంది. అంతే. టకటక లేదు. ఈ రెండేళ్ళలో నెమ్మదించింది తన బండి కాదని అప్పుడు అర్థమైంది.

పాత టైరు మీద కూలబడ్డాడు. వంతెన గుర్తొచ్చింది. మోచేతిని రాసుకుపోయిన ట్యాంకరు గుర్తొచ్చింది. బండి పోయిందన్న బాధ ఎటో పోయింది. ఏ మలుపులోనో ఒక హారన్ వినపడక టీచరమ్మని చంపేసి ఉండేవాడు! 

"వేరే ఇంజన్ వేద్దాం బావా, పది రోజుల్లో నడుస్తుంది. చెవులకి మాత్రం మిషన్లు లేవా ఏం?" అన్నాడు బామ్మర్ది పక్కన కూర్చుని, గట్టిగా.

"బండి బాగుచెయ్యి. తాళం మాత్రం బక్కోడికివ్వు. టీచరమ్మని వాడు తీసుకెళ్తాడు. బాగా తెల్లవారకముందే బయల్దేరమని చెప్పు, ఆవిడకి మెట్లు దిగడానికి టైం పడుతుంది." పైకి లేస్తూ మళ్ళీ అన్నాడు. "డాక్టరు సరేనంటేనే నేను ఆ సీట్లో కూర్చునేది. కాదంటే ఇక ఇంతే."

నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు. వీధిలో మనుషుల నోళ్ళు కదులుతున్నాయి. ఎవరూ గొణగడం లేదు, హాయిగా నోరారా మాట్లాడుకుంటున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళ మీద విసుక్కున్నందుకు సిగ్గేసింది.

భార్య ముందుగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తి, చేత్తోనే బండేదని అడిగింది. ఆయన చెప్పులు విడవకుండానే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బండి సంగతీ, ట్యాంకరు సంగతీ, వ్యాను సంగతీ. ఆమె చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"వినపడకా?" అంది. ఆమె పెదాలు చూసి ఆయన తెలుసుకున్నాడు. "వినపడక పలకలేదా మీరు?"

ఆయన దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. ఆమె గొంతు పెంచింది.

"బండి వీధి మలుపు తిరగ్గానే నాకు తెలిసిపోయేది. ఆ టకటక వినే పొయ్యి వెలిగించేదాన్ని. తమ్ముడికి చూపించండి, చూపించండి అని వంటగదిలోంచి ఎన్నిసార్లు చెప్పాను! మీరు ఊ అనరు, ఆ అనరు. నా మాటకి ఈ ఇంట్లో విలువ లేదనుకున్నాను. ఏడాదయింది చెప్పడం మానేసి."

 "ఇంకేం చెప్పావు?" అన్నాడు ఆయన.

ఆమె చొక్కా కొసని వేళ్ళతో నలిపింది. "మా అమ్మ పోయిన రోజు మీరు ఆలస్యంగా వచ్చారని నలుగురిలో పట్టుకుని కడిగేశాను కదా. తర్వాత తప్పైపోయిందన్నాను. మీరు పేపర్లోంచి తలెత్తలేదు."

"నువ్వు ఆ మాట అంటావనే ఎదురుచూశానే!"

"అన్నానండీ. మూడుసార్లు అన్నాను." ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆయనా ఆపుకోలేదు.

"ఇంకా?" అన్నాడు.

"ఇంకా ఏవేవో చెప్పాను. కొన్ని నేనే మర్చిపోయాను."

"గుర్తున్నవి చెప్పు."

ఆమె బట్టలు పక్కకి నెట్టి, పీట లాక్కుని దగ్గరికి జరిగింది. "ఏ చెవి కాస్త నయం?" అని అడిగింది.

ఆయనకి తెలియదు. అందరి బండ్లూ విన్నాడు గానీ ఆ సంగతి ఎప్పుడూ చూసుకోలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని, ముందు కుడివైపు కూర్చుని చెప్పి చూసింది.