మా మానస, కొవ్వు తోక పెప్టైడు

ఎల్లారెడ్డిపేట హైస్కూల్లో పదో తరగతి మండల ఫస్టు. సిరిసిల్లలో ఇంటర్ కాలేజీ ఫస్టు. కోరుట్లలో పెట్టిన సైన్సు ఫెయిర్లో మొదటి బహుమతి. జగిత్యాలలో డిగ్రీ, ఆపైన ఎమ్మెస్సీలో బంగారు పతకం. ఇవన్నీ మా తమ్ముడు ప్రభుదాస్ బిడ్డ మానసవే. గుంట భూమి లేని ఇల్లు మాది. మా మరదలు భూదేవి కూలికి పోయి పత్తి ఏరుతుంటే, ఈ పిల్ల ఆ చేని గట్టు మీదే కూర్చుని చదివింది. నేను ఊరి బడిలో ఏడు దాకా చదివినవాణ్ణి. అయినా ఇప్పుడు హైదరాబాదులో తాను చేసే పరిశోధన నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. మీకూ చెబుతాను.

మన ఒంట్లోని ప్రతి కణం చుట్టూ పల్చని కొవ్వు పొర ఉంటుంది. చాలా మందులు దాన్ని దాటలేవు. పెప్టైడు అంటే ప్రోటీను ముక్క. కొన్ని పెప్టైడ్లకు పొర దాటే గుణం ఉంది. వాటికి కొవ్వు తోక ఒకటి తగిలిస్తే పొరకు ఇంకా బాగా అతుక్కుని, మందును వెంటబెట్టుకుని లోపలికి పోతాయట. అట్లాంటిదాన్ని మా పిల్ల తయారు చేసింది. మెరిసే రంగు తగిలించిన మందును దానితో కలిపి కణాల మీద పోస్తే, మైక్రోస్కోపు కింద అవి పచ్చగా వెలిగాయి.

చిక్కేమిటంటే, ఆమె చేస్తేనే వెలిగేవి. ఆమె రాసిచ్చిన పద్ధతి చూసి ల్యాబులో సీనియరు సంపత్ చేస్తే మసకగా కనిపించేవి. ఆ అబ్బాయిది మెట్‌పల్లి. "ఇంకొకరి చేతిలో రాకపోతే దీన్ని పక్కన పెట్టేద్దాం" అన్నారు ల్యాబు నడిపే వాళ్ల మేడం. రెండేళ్ల కష్టం! పైగా ఫలితాలు దిద్దిందేమోనని ల్యాబులో గుసగుసలు.

మేడం ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చేయించారు. ఆ ముచ్చట తర్వాత మా ఇంటికొచ్చి సంపతే చెప్పాడు. ప్లాస్టిక్ ట్యూబులో పెప్టైడు కలిపిన మందును ఇద్దరూ కణాల మీద పోశారు. సంపత్ ఖాళీ ట్యూబును చెత్తడబ్బాలో వేశాడు. మానస మాత్రం తన ట్యూబులో కణాలకు పోసే ద్రవమే కాస్త వేసి, గిరగిర ఆడించి, అది కూడా పోసింది.

"ఏయ్, గదేం జేస్తున్నవ్?"

"ఏం జేసిన అన్నా? కడిగి పోసిన."

"గది నువ్వు రాయలే గద!"

"కడుగుడు గూడ రాస్తరా? మా ఇంట్ల కూర గిన్నె ఒంపినంక జరన్ని నీళ్లతోని కడిగి, గవి గూడ కూరల్నే పోస్తం. మీ ఇంట్ల పారబోస్తరా?"

"మా అమ్మ గూడ గట్లనే చేస్తది. నేనే ఎన్నడు గిన్నె ముట్టలే."

మేడం ముందు నవ్వి, తర్వాత గట్టిగానే తిట్టారట, చేసిన ప్రతి పనీ రాయొద్దా అని. తప్పు మా పిల్లదే, కాదనను. ఆ కొవ్వు తోక కణానికి అతుక్కున్నట్టే ప్లాస్టిక్ గోడకూ అతుక్కుంటోంది. పాపం సంపత్, పెప్టైడును ట్యూబుతో పాటే పారేస్తున్నాడు!

అంటుకోని రకం ట్యూబులు తెప్పించి మళ్లీ చేశారు. ఆ సాయంత్రమే ఫోనొచ్చింది.

"పెద్దబాపూ, సంపతన్న చేతుల గూడ మెరిసినయ్!"

"అయితే ఇగ గది నీ ఒక్కదానిదే గాకపాయె గద బిడ్డా?"

"గట్ల గాదు పెద్దబాపూ. నా ఒక్కదానికే అస్తె ఎవ్వలు నమ్ముతరు? అందరికి అస్తెనే నాది నిజమయితది."

ఫోను పెట్టేసి వాడంతా తిరిగి చెప్పి వచ్చాను, సంపత్ పేరు కూడా కలిపి.