కుండీలకు దొరికిన గాలి

నేను బడికి పోలేదు. ఆదోని జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ల మీద వేసిన అంకెలు చూసి లెక్కలు, బజ్జీలు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. చివరికి అక్కడే పత్తి తూచే గుమాస్తానయ్యాను. చదువుకున్నవాళ్లు చెప్పిందల్లా చాలా ఏండ్లు నమ్మాను. ఆ గోడ సంగతి మాత్రం నమ్మలేదు.

మా షెడ్డుకు పడమట రెండు పెద్ద కిటికీలుండేవి. గింజ నుంచి దూది విడదీసే మిషన్ల ముందు కూర్చునే ఆడవాళ్లకు ఊపిరి వాటి నుంచే. మూడేండ్ల కిందట మిల్లు చిన్న యజమాని వాటిని ఇటుకలతో మూయించి, గోడంతా అడవి బొమ్మ వేయించాడు. కింద వరసగా పూలకుండీలు పెట్టించాడు.

"పచ్చదనం చూస్తూ పనిచేస్తే మనసుకు హాయి పెద్దాయనా. పట్నాల్లో ఆఫీసులన్నీ ఇట్లే కడుతున్నారు."

"గాలి యాడ నుంచి వస్తాది సామీ?"

"మొక్కలిస్తాయి కదా!"

వారం తిరక్కుండా ఆకులు దూది నూగు పట్టి తెల్లబడ్డాయి. పూటపూటా వాటిని తడిగుడ్డతో తుడిచే పని కూడా మా చెల్లెలి మీదే పడింది. ఎమ్మిగనూరులో భర్త మగ్గం మూలపడ్డాక ఆమె రోజూ బస్సులో వచ్చి ఆ షెడ్డులోనే పనిచేసేది. కిటికీలు మూసినప్పటి నుంచి విడవని దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం.

"ఆకులు నేను తుడుస్తాండాను. నా రొమ్ములో సేరిందాన్ని ఎవురు తుడుస్తారన్నా?" అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే దగ్గయింది.

ఆమెను బయట ఆవరణలో పత్తి ఏరే పనికి మార్చమని యజమానిని మూడుసార్లు అడిగాను. ఒకరిని మారిస్తే అందరూ అడుగుతారన్నాడు. నాలుగోసారి పోయేసరికి ఒక ఎండిన మొక్క ముందు దిగులుగా నిలబడి ఉన్నాడు.

"పాపం, ఈ దుమ్ములో ఇవి బతకవు. బయట వసారాలో పెట్టించండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటి నుంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"సూసుకునే మనిషి కావల్ల గదా సామీ. మా సెల్లెలైతే బాగా సూసుకుంటాది."

వెంటనే సరేనన్నాడు.

మరుసటి రోజు నుంచి ఆమె వసారాలో కుండీల పక్కనే కూర్చుని పత్తి ఏరింది. నెల తిరిగేసరికి దగ్గు నెమ్మదించింది. లోపల మిగిలినవాళ్ల గురించి నేను ఒక్క మాటా అడగలేదు.

ఒక మధ్యాహ్నం సద్ది తినడానికి బయటికొచ్చినవాళ్లలో ఒకామె, తలంతా తెల్లటి నూగుతో, నా కాటా దగ్గర ఆగింది.

"నీ సెల్లెలికి కుండీలు దొరికె. మాకూ తలా ఒకటి ఇప్పియ్యన్నా, మేమూ బయట కూకుంటాము."

వెనకవాళ్లు నవ్వారు. నేను పుస్తకం మీదికి వంగి, రాసిన తూకమే మళ్లీ రాశాను.