రెండు వందల వాట్ల మనిషి

ఆ రోజుల్లో లెక్కకు అందని మాటను నేను నమ్మేవాణ్ణి కాదు. కాలేజీ చర్చావేదికల మీద ముహూర్తాలనూ దిష్టి గుమ్మడికాయలనూ చీల్చి చెండాడి వచ్చినవాణ్ణి. రాయదుర్గంలో ఒక గాజు భవనం ఆరో అంతస్తులో ఉద్యోగం దొరికితే, లోకాన్ని సరిదిద్దినందుకు జీతం కూడా ఇస్తారనుకున్నాను. పొద్దున్నే లిఫ్టు ముందు పడిగాపులు కాసే జనం నాకు భక్తుల్లాగే కనిపించేవారు. ఒకరోజు సమయం చూసుకుంటూ మెట్లెక్కాను. కిటికీల్లో ఖాజాగూడ గుట్టలు మంచులో తేలుతున్నాయి, నేనూ వాటితోపాటు తేలుతున్నట్టే ఉంది. అరవై కిలోల ఒళ్లు, ఇరవై మీటర్ల ఎత్తు, ఒక్క నిమిషం: దాదాపు రెండు వందల వాట్లు! (ఒంట్లో ఖర్చయిన శక్తి అర బిస్కెట్టుకు మించదని కూడా తేలింది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. హేతువాదికీ కాస్త ప్రచారం కావాలి కదా.)

అదే వారం లిఫ్టు చెడిపోయి, మా అంతస్తు ఊడ్చి తుడిచే పాలమూరు అక్క ఇరవై లీటర్ల నీళ్ల క్యాను భుజాన వేసుకుని ఎక్కింది. రెండున్నర నిమిషాలు. ఆమెకూ లెక్క కట్టాను.

"అక్కా, నీకు నూరు వాట్లు కూడా రాలేదు."

"ఏంది సారూ రానిది? నీళ్లొచ్చినయ్ గదా!"

ఇద్దరి అంకెలూ రాసి, కింద "మెట్లే ఆరోగ్యం" అని చేర్చి, లిఫ్టు పక్కన అంటించాను. సోమవారానికి లిఫ్టు బాగైంది, కొత్త నియమమూ వచ్చింది: నీళ్ల క్యాన్లు ఇకమీదట మెట్ల మీదుగానే. భవనం చూసుకునే కాకినాడ పెద్దమనిషి దగ్గరికి పరుగెత్తాను.

"మీ కాగితమేనండి ఆధారం. మెట్లే ఆరోగ్యమన్నారు. పైగా ఆవిడది మీలో సగం కష్టమేనంట కదండీ!"

"వాట్లంటే పని ఎంత వేగంగా జరిగిందన్న లెక్కండీ, కష్టం కాదు. ఆమె క్యాను కూడా మోసింది, రోజుకు పదిహేనుసార్లు మోస్తుంది..."

"అదేం కాగితంలో లేదు కదండీ."

జీవితంలో మొదటిసారి నా వాదం చేతిలో నేనే ఓడిపోయాను. బయట అక్క మోకాలు పట్టుకుని కూర్చుంది. "గిట్లనే మోస్తే పని ఇడుసుడే సారూ. బిడ్డ ఇంటర్ల ఉన్నది. గా కాగితంల ఏం రాసినవో ఏమో!"

ఆమె పక్కనున్న క్యాను ఎత్తుకున్నాను. రెండో అంతస్తులో సూత్రం మరిచిపోయాను, మూడో అంతస్తులో సిద్ధాంతాలన్నీ. నాలుగో అంతస్తు మెట్టుమీద క్యానును కౌగిలించుకుని కూలబడ్డాను. నీళ్లలోంచి దూరిన ఎండ గోడమీద నెమ్మదిగా ఊగుతోంది. అదే చూస్తూ ఎంతసేపు ఉన్నానో తెలియదు (లెక్క పెట్టలేదు మరి). వెనకే వచ్చిన అక్క నవ్వు ఆపుకుంటూ, "జర ఊపిరి తీస్కో సారూ," అని క్యాను తీసుకుని పైకి వెళ్లిపోయింది.

కిందికి దిగి, కాగితం మీద ఎర్ర సిరాతో రాశాను: "ఈ లెక్క తప్పు. రాసినవాడు క్యానుతో నాలుగో అంతస్తు దాటలేకపోయాడు." నా ఏ వాదాన్నీ జనం అంత ఇష్టంగా చదవలేదు. కాకినాడ పెద్దమనిషి రెండుసార్లు చదివి, "ఇది ఒప్పుకోవాల్సిందేనండి," అన్నారు.

మర్నాడు లిఫ్టులో క్యాన్ల మధ్య నిలబడి అక్క తలుపు పట్టుకుంది. "ఎక్కు సారూ, జాగ ఉన్నది."

"నేను మెట్లెక్కుతాలే అక్కా," అన్నాను. ఆ వయసులో సిగ్గు కూడా మనిషిని ఆరు అంతస్తులు ఎక్కించేది. ఇప్పుడు రెండో అంతస్తుకు వెళ్లాలన్నా, ఎవరైనా అలా తలుపు పట్టుకుని పిలుస్తారేమోనని చూస్తుంటాను.