పాస్‌పోర్టు నిండా బొట్లు

ఆ రోజుల్లో నాకు పాస్‌పోర్టు ఎంత అపురూపమంటే, కవరులో పెట్టి, ఆ కవరుని ఇంకో కవరులో దాచేవాణ్ణి. గల్ఫ్‌లో స్టోర్‌కీపరు ఉద్యోగం కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాను మరి. ప్రయాణానికి ముందురోజు, నేను స్నానానికి వెళ్లిన సందు చూసుకుని, మా మేనత్త (నన్ను పెంచింది ఆవిడే, కాబట్టి నా వస్తువులన్నీ ఆవిడవే) దాన్ని పట్టుకుని ఆటోలో ఐనవిల్లి వెళ్లిపోయింది. కొత్త బండికీ, పరీక్ష పెన్నుకీ చేయించినట్టే వినాయకుడి దగ్గర పూజ చేయించింది. అక్కడితో ఆగితే అత్తయ్య ఎందుకవుతుంది? ప్రతి పేజీకీ తడి కుంకుమతో బొట్టు పెట్టింది.

"ఒక్కదానికి పెడితే చాలదా అత్తయ్యా?" అని నెత్తి కొట్టుకున్నాను.

"వాళ్లు ఏ పేజీలో ముద్ర కొడతారో నాకేం తెలుసురా? అన్నిటికీ పెట్టేసేను."

తుడిస్తే పోకపోగా ఇంకా పాకింది. మన ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నిట్టూర్చి, ఓ బొట్టు పక్కన ముద్ర కొట్టి పంపేశాడు. అసలు గండం అక్కడ విమానం దిగాక వచ్చింది. అక్కడి ఆఫీసరు ఒక్కో పేజీ తిప్పుతూ, "ఇది ఏ దేశం ముద్ర?" అన్నాడు హిందీలో. (ఐనవిల్లి దేశం అనలేను కదా!) మా మేనత్త పెట్టిందన్నాను.

"ఆవిడ ఇమ్మిగ్రేషన్‌లో పనిచేస్తుందా?"

"లేదండీ, ఇంట్లోనే ఉంటుందండీ."

పై అధికారిని పిలిచాడు. వెనక్కి పంపేస్తే ఉద్యోగం పోతుంది, ఊళ్లో తలెత్తుకోలేను. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ పెద్దాయన పేజీలన్నీ చూసి, "ఇంతకీ మీ అత్తకి నువ్విక్కడికి రావడం ఇష్టమేనా?" అన్నాడు.

"ఇష్టం లేదండీ. అయినా పూజ చేయించిందండీ," అనేశాను. అది నిజమని నాకూ అప్పుడే తెలిసింది. ఆయన మళ్లీ పేజీలు తిప్పి, ఓ తెల్లటి మూల వెతికి ముద్ర కొట్టాడు.

ఫోన్‌లో చెబితే అత్తయ్య ఏమందో తెలుసా? "చూసేవా! బొట్టు పెట్టబట్టే కొట్టేరు." ఇంకేం వాదిస్తాం?

ఇప్పుడు అటూ ఇటూ యంత్రాలే. మొహం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది, ముద్ర ఊసే లేదు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని నా కొత్త పాస్‌పోర్టు మొదటినుంచి చివరిదాకా తిరగేసింది.

"ఒక్క ముద్రా లేదేంట్రా? అసలు వెళ్తున్నావా, హైదరాబాద్‌లో ఉండి నాకు అబద్ధాలు చెబుతున్నావా?"

యంత్రం సంగతి ఎంత చెప్పినా నమ్మలేదు. విసుగొచ్చింది, నవ్వూ వచ్చింది. నేను ఇన్నేళ్లూ ఈ దగ్గర్లోనే ఉన్నానేమోనని ఆవిడ మొహంలో కనిపించిన ఆశ చూశాక, ఇక నేనూ గట్టిగా కాదనలేకపోయాను.