మగ్గాలు ఆగినా ఆగని దడ

ఆ సాయంత్రం మా ఆయన కార్ఖానా నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "గుండె గడబిడ కొడుతున్నది. నడుమ నడుమ ఆగినట్టయితున్నది" అన్నాడు.

"మగ్గం దడయ్యా, పండుకుంటే పోతది" అన్నాను. మా మగ్గాల బస్తీ కామత్‌ఘర్‌లో అందరం అనే మాటే. పొద్దంతా పవర్‌లూమ్‌ల మధ్య నిలబడితే ఇంటికొచ్చాక కూడా ఒళ్లు అదురుతూనే ఉంటుంది.

దడ మళ్లీ వచ్చినప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాం. అక్కడికి చేరేసరికి దడ తగ్గిపోయింది. ఈసీజీ నార్మల్. ఆయన బుగ్గన ఉన్న పొగాకు చూసి, "తంబాకు మానెయ్యండి" అన్నారు డాక్టర్. ఇక నాకు దొంగ దొరికాడు.

ఆయన ఆ రోజే మానేశాడు. దడ మాత్రం మానలేదు. మనిషి చిక్కిపోయాడు. చేతులు వణికి, తెగిన పోగు అతకలేకపోయేవాడు. తంబాకు మీదికి మనసు లాగుతోందనుకున్నాను. చొక్కా ఉతికే ముందు జేబులు వాసన చూసేదాన్ని. ఒకరోజు మా ఆడబిడ్డ ముందే, "దొంగతనంగ తినకుంటే దడ ఎట్లొస్తది?" అని కడిగేశాను.

"తింటలేనే, నమ్మవా?" అన్నాడు. నమ్మలేదు.

శుక్రవారం మా దగ్గర మగ్గాలకు సెలవు. అలాంటి ఒక శుక్రవారం, గల్లీలో చప్పుడు లేదు. అన్నం తింటూ తింటూ ఆయన కంచం పక్కకు నెట్టి ఛాతీ పట్టుకున్నాడు, ఒళ్లంతా చెమటలు. మగ్గం లేదు, తంబాకు లేదు. నా కళ్ల ముందే ఉన్నాడు. ఆటోలో పెద్ద ఆసుపత్రికి పరుగెత్తాం.

ఈసారి దడ ఉండగానే ఈసీజీ తీశారు. "ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు" అన్నారు డాక్టర్. అడగకముందే నేను తంబాకు సంగతి ఎత్తాను. మా ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

అడ్మిట్ చేసి, గుండెకు ఎకో, రక్తపరీక్షలు చేశారు. రిపోర్టులు చూసి డాక్టర్ అన్నారు: "థైరాయిడ్ బాగా ఎక్కువైంది. చిక్కిపోవడం, చేతుల వణుకు, ఈ దడ, అన్నీ దానివల్లే. తంబాకు మానడం మంచిదే. కానీ దీనికి కారణం అది కాదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తిడతాడనుకున్నాను. "నువ్వు అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగాడు. ఆ మాటకే ఏడ్చాను.

థైరాయిడ్‌కు మాత్రలు రాసిచ్చారు. నయమైందని మధ్యలో ఆయనే వాటిని ఆపేస్తే దడ తిరిగొచ్చింది. ఇప్పుడు ఆపడం లేదు. చేతుల వణుకు పోయి, మళ్లీ పోగులు అతుకుతున్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే, దడ ఉండగానే ఈసీజీ తీయించండి. అది నార్మల్ వచ్చినా మనిషి మాట అబద్ధం అనుకోకండి.

ఇప్పటికీ నేను బట్టలు నానబెడుతుంటే, "జేబు చూసినవా?" అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.